ఇంటితోపాటు వచ్చిన మేక

తమ గోదావరి లంకలో తెలివి పంచినప్పుడు పెద్ద వాటా తనకే వచ్చిందని పేరయ్య నమ్మకం. మిగిలింది తనకు వచ్చిందని అతని పెళ్ళాం మంగతాయారు నమ్మకం. ఇద్దరి దగ్గరా ఉన్నది కూడా తనదేనని పేరయ్య తమ్ముడు సూరన్న నమ్మకం. ఇల్లు కొన్నప్పుడు దాంతోపాటు వచ్చిన మేక ఒక్కటే అక్కడ గొప్పలు చెప్పుకోనిది. ముగ్గురూ పూతరేకులు చేసి అమ్ముతారు. రేకులు మాత్రం అమృతమే, ఒప్పుకోవాలి.

పెళ్ళిళ్ళకు వంటలు చేయించే వరహాలమ్మగారు ఆ రేకులు తిని, "మీ వెబ్‌సైటు కూడా చూస్తాను. బాగుంటే ఈ ఏడాది పెళ్ళిళ్ళన్నిటికీ రేకులు మీవే" అంది. ఇంకేముంది, ఆ పని తెలిసిన భాస్కరం చేత సర్వరులో చోటు తీయించారు. తెరిచి చూస్తే ఇలా ఉంది: "సర్వర్ పనిచేస్తోంది. ఇది డిఫాల్ట్ పేజీ. మీ పేజీ ఇక్కడ పెట్టండి."

అంతే! సూరన్న నోటుబుక్కులో పేజీ చింపి, పూతరేకు బొమ్మ గీసి, కంప్యూటరు తెరకి గంజితో అంటించాడు.

"నాకేం కనపడట్లేదండీ," అన్నాడు భాస్కరం ఫోనులో.

"కళ్ళజోడు మార్చుకోవయ్యా! ఇక్కడ మాకు నిగనిగలాడతా కనపడతంది," అన్నాడు పేరయ్య.

భాస్కరం తల పట్టుకున్నాడు. "వచ్చినవాళ్ళు ఫలానా పేజీ కావాలని పేరు చెప్పకపోతే, సర్వరు ఇండెక్స్ అనే పేరున్న పేజీని చూపిస్తుందండీ. ఆ పేరుతో ఏదీ లేకపోతే, తనతోపాటు వచ్చిన డిఫాల్ట్ పేజీని చూపిస్తుంది. కాబట్టి మీ పేజీకి ఇండెక్స్ అని పేరు పెట్టండి," అని, పేజీ ఎక్కించే పద్ధతి కూడా ఓపిగ్గా నేర్పాడు.

పేరయ్య తన ఫొటో పెట్టి ఇండెక్స్ అని ఎక్కించాడు. "ముందు నేనే కనపడాలి," అని మంగతాయారు తన పేజీకీ అదే పేరు పెట్టి ఎక్కించింది. మొగుడిది చెరిగిపోయింది. సూరన్న కూడా అదే పేరుతో ఎక్కించాడు. వదినది చెరిగిపోయింది. "నాది లేనిచోట ఎవరిదీ ఉండకూడదు!" అని పేరయ్య దాన్నీ తీసేశాడు. ఇంకేముంది, కథ మళ్ళీ మొదటికొచ్చింది.

సాయంత్రం వరహాలమ్మగారు ఫోన్ చేసింది. "సర్వరు పనిచేస్తోందంట, సంతోషం. మరి రేకులేవమ్మా? సర్లే, రుచి ఎలాగూ చూశాగా, రేపు నేనే వచ్చి ఆర్డరు చీటీ మీ చేతికిస్తా."

మర్నాడు పొద్దున్నే తలుపు చప్పుడైంది.

"ఎవరండీ ఇంట్లో?"

"అన్నయ్యా, పేరు చెప్పి పిలవలేదు!" అని సూరన్న గుసగుసలాడాడు. "అంటే ఇండెక్సే వెళ్ళాలి."

"అది నేనేగా," అని పేరయ్య లేచాడు.

"మిమ్మల్ని నేను చెరిపేశాగా!" అంది మంగతాయారు.

"నిన్ను నేను చెరిపేశా వదినా."

"నిన్ను నేను తీసేశాన్రా!"

ముగ్గురూ మొహమొహాలు చూసుకున్నారు. ఇంట్లో ఇండెక్సే లేడు! మరిక వెళ్ళాల్సింది ఇంటితోపాటు వచ్చిందే కదా. అంతే, మేకని విప్పి గుమ్మంలోకి తోశారు.

అది వరహాలమ్మగారి చేతిలోని ఆర్డరు చీటీ నమిలేసింది. తరవాత కొంగు అందుకుంది. "మీ రేకులూ వద్దు, మీరూ వద్దు!" అని కొంగు లాక్కుని ఆవిడ ఆటో ఎక్కేసింది.

పేరయ్య వెంటనే భాస్కరానికి ఫోన్ చేశాడు. "మా డిఫాల్టు బ్రహ్మాండంగా పనిచేసిందయ్యా! కాకపోతే కాగితం చేతికిస్తే తినేస్తంది."

ఈలోగా సూరన్న మేక మెడలో పలక కట్టాడు. దానిమీద మేక నోటివైపు బాణం గుర్తు వేసి, కుదురుగా రాశాడు: "మీ పేజీ ఇక్కడ పెట్టండి."