పొన్నమ్మ అడిగిన గూడు

రేగువంక అడవిలో వంక పొడవునా తుమ్మ చెట్లు నీళ్ళ మీదికి వంగి ఉండేవి. ఆ చెట్ల మీద గిజిగాళ్ళు కాపురం ఉండేవాళ్ళు. వంకకు అవతల ఇప్ప చెట్ల తొర్రల్లో ఉడతలు, పొదల్లో కుందేళ్ళు, రాళ్ళ సందుల్లో ముంగిసలు బతికేవి. ఎవరి సంసారం వారిది. గొడవలు ఉండేవి కావని కాదు. ఉన్నా పొద్దుగూకేలోగా సర్దుకునేవి.

ఆ వేసవిలో అడవికి నిప్పంటుకుంది. మంట వంక దాటి ఇవతలికి రాలేదు. అవతల మాత్రం ముసలి ఇప్ప చెట్లు నిలువునా కాలిపోయాయి. తొర్రలు పోయాయి, పొదలు పోయాయి.

పొన్నమ్మ అనే ఉడతకు అప్పుడే పిల్లలు పుట్టారు. ఇంకా కళ్ళు తెరవని పసికందులు. వాళ్ళను ఒక్కొక్కరినే నోట కరుచుకుని తెచ్చి, వంక ఒడ్డున రాళ్ళ కుప్పలో దాచింది. చోటు చల్లగానే ఉంది. కానీ ఎన్నాళ్ళు? వాన పడితే వంక పొంగుతుంది. వంక పొంగితే ఆ రాళ్ళు మునుగుతాయి. అది తలుచుకుంటే పాపం పొన్నమ్మకు తిండి సహించేది కాదు.

ఒకరోజు ఆమె గిజిగాళ్ళ పెద్ద దగ్గరికి వెళ్ళింది. అతని పేరు జిలుగయ్య. పసుపుపచ్చని తల, మెరిసే రెక్కలు. గూడు అల్లడంలో ఆ అడవిలో అతన్ని మించినవాడు లేడు. ఆ సంగతి అందరికంటే ముందు అతనికే తెలుసు.

"అన్నా, వానలొచ్చేలోగా నా పిల్లలకో గూడు అల్లి పెట్టవా? మీ గూళ్ళలో పరుచుకోవడానికి బూరుగు దూది నేను మోసుకొచ్చి ఇస్తాను" అంది పొన్నమ్మ.

"ఒక్క గూడేనా? అంత చిన్న పని నేను చేస్తే నలుగురూ ఏమనుకుంటారు? నీకే కాదు, ఇల్లు కాలిపోయిన ప్రతివాళ్ళకీ రాజగూళ్ళు అల్లిస్తాను. ఇంటికి రా అని పిలిచేదాకా నువ్వు నిశ్చింతగా ఉండు" అన్నాడు జిలుగయ్య.

పొన్నమ్మ రెండు చేతులూ ఎత్తి దండం పెట్టింది. ఏదో చెప్పబోయింది కూడా. కానీ జిలుగయ్య అప్పటికే ఎగిరిపోయాడు.

అతను ఎగిరి వాలిన పక్క కొమ్మ మీద అతని వదిన రేలమ్మ కూర్చుని ఉంది. జిలుగయ్యను చిన్నప్పటి నుంచి సాకింది ఆమే. అతని అన్న పోయాక కూడా ఆమె ఆ చెట్టు వదిలి వెళ్ళలేదు.

"ఏమయ్యా, ఆ అమ్మాయి ఏదో చెప్పబోయింది. వినకుండా వచ్చేశావేం?" అని అడిగింది.

"గూడు కావాలంది. విన్నాను కదా వదినా."

"ఎలాంటి గూడు కావాలో వినలేదు."

"గూడంటే గూడే! గిజిగాడి గూటికి వంక పెట్టేవాళ్ళు ఈ అడవిలో ఎవరున్నారు?"

రేలమ్మ నవ్వింది. "నేనున్నాను. మన ఆచారం మరిచిపోయావా? గిజిగాడు గూడు సగమే అల్లి, ఆడపిట్టను పిలిచి చూపిస్తాడు. ఆమె లోపల కూర్చుని సరేనంటేనే మిగతా సగం అల్లుతాడు. మీ అన్న మొదట అల్లిన గూట్లో కూర్చుని, ఊపు ఎక్కువగా ఉంది, నాకు కళ్ళు తిరుగుతున్నాయి అన్నాను. ఆయన చిన్నబుచ్చుకోలేదు. ఆ సగం విప్పేసి పక్క కొమ్మకు కట్టాడు. ఒక సగం గూడు అల్లి పొన్నమ్మకూ చూపించరాదూ?"

"అది మన ఇంటి సంగతి వదినా. బయటివాళ్ళకు సగం పని చూపిస్తే నవ్వుతారు. అన్నీ పూర్తయ్యాక ఒక్కసారిగా చూపిస్తే నోళ్ళు తెరుచుకుని చూస్తారు" అన్నాడు జిలుగయ్య.

రేలమ్మకు మనసు చివుక్కుమంది.

జిలుగయ్య గుంపునంతా పిలిచి పనులు పంచాడు. ముందు గడ్డి అంతా కోసి కుప్ప వేయాలి. తర్వాత అందరూ కలిసి అల్లాలి. ఆ తర్వాత బంకమట్టి మెత్తాలి. చివర ఆ మట్టిలో మిణుగురు పురుగులను అంటించి దీపాలు పెట్టాలి. ఒక్కో గూటికీ రెండేసి గదులు, వసారా ఉండాలి. చాటింపుకు చిలుకను పెట్టాడు. చిలుకకు కావలసిందీ అదే. అది చెట్టు చెట్టుకూ వెళ్ళి, "రాజగూళ్ళు! దీపాలున్న గూళ్ళు! రెండు గదుల గూళ్ళు!" అని గొంతు చించుకుని అరిచింది. గూళ్ళెక్కడున్నాయో అది ఒక్కసారైనా చూడలేదు. అయినా అలాంటి చాటింపుకు చూడవలసిన పనేముంది?

గడ్డి కోసేవాళ్ళు కోస్తూ ఉంటే, అల్లేవాళ్ళు ముక్కులు కొమ్మకు రాసుకుంటూ కూర్చున్నారు. గడ్డి కుప్ప కొండంత అయ్యేసరికి అడుగున ఉన్నదంతా ఎండిపోయింది. పిల్లలూ, పచ్చి పోచ అయితేనే ముడి పడుతుంది. ఎండిన పోచ విరిగిపోతుంది. ఇది ఆ గుంపులో ప్రతివాళ్ళకూ తెలుసు. పెద్దాయన ముందు చెప్పడానికే ఎవరికీ నోరు రాలేదు. ఎండిన గడ్డి పారేసి మళ్ళీ కోసుకొచ్చారు. ఈలోగా పడమటి దిక్కున మబ్బులు కనిపించడం మొదలైంది.

రోజూ సాయంత్రం పొన్నమ్మ రాళ్ళ కుప్ప మీదికి ఎక్కి వంకకు ఇవతల వైపు చూసేది. పిలుపు వస్తుందేమోనని చెవులు రిక్కించేది. తర్వాత కిందికి దిగి పిల్లలను పొదువుకుని పడుకునేది.

చివరికి ఒకరోజు పొద్దున్నే పిలుపు వచ్చింది.

అడవి అంతా వంక ఒడ్డున చేరింది. తుమ్మ కొమ్మలకు రాజగూళ్ళు వరసగా వేలాడుతున్నాయి. నిజం చెప్పాలి కదా, చాలా అందంగా ఉన్నాయి. కుందేళ్ళు నోళ్ళు తెరుచుకునే చూశాయి. జిలుగయ్య ఛాతీ విరుచుకుని నిలబడ్డాడు.

"మొదటి గూడు పొన్నమ్మదే. ఎక్కమ్మా" అన్నాడు.

పొన్నమ్మ ఒక పిల్లను నోట కరుచుకుని కొమ్మ మీదికి వచ్చింది. గూటి చుట్టూ తిరిగి చూసింది. పైన గుమ్మం లేదు. పక్కన లేదు. గిజిగాడి గూటికి గుమ్మం ఎక్కడుంటుంది? పొడవాటి గొట్టంలా కిందికి వేలాడుతూ ఉంటుంది. పిట్ట కింద నుంచి ఎగిరి అందులోకి దూరుతుంది. దాని కింద వంక నీళ్ళు మిలమిలా మెరుస్తున్నాయి.

పొన్నమ్మ ఆ గొట్టం వైపు చూసింది. నీళ్ళ వైపు చూసింది. పిల్లను కొమ్మ మొదట్లో మెల్లగా పడుకోబెట్టి, జిలుగయ్య వైపు తిరిగింది.

"గూడు చాలా బాగుందన్నా. మా తల్లిదండ్రులెవరూ ఇంత మంచి గూట్లో ఉండలేదు. కానీ నా పిల్లలకు రెక్కల్లేవు కదా!"

చిలుక మెల్లగా ఆకుల చాటుకు జరిగింది.

జిలుగయ్య ముఖం నల్లబడింది. అతనికి ఆ క్షణంలో తప్పు తెలిసింది. కానీ తప్పు తెలియడం వేరు, ఒప్పుకోవడం వేరు. "ఇంత శ్రమపడి అల్లితే వంకలు పెడతారా? ఇష్టమైతే ఉండండి, లేకపోతే లేదు" అని తుమ్మ చెట్టు చిటారు కొమ్మకు వెళ్ళి, అందరికీ వీపు పెట్టి కూర్చున్నాడు. అంత పెద్దవాడు అలిగాడు.

పొన్నమ్మ పిల్లను తీసుకుని నెమ్మదిగా వెళ్ళిపోయింది. అప్పటికి ఆకాశం సగం నల్లబడింది.

రేలమ్మ ఆమె వెనకే వెళ్ళింది. రాళ్ళ కుప్ప దగ్గర వాలి లోపలికి తొంగి చూసింది. ఉడత పిల్లలు ఒకదాని మీద ఒకటి పడి, అమ్మ పొట్ట కోసం గుడ్డిగా వెతుక్కుంటున్నాయి. రేలమ్మకు కళ్ళలో నీళ్ళు తిరిగాయి.

"ఏమ్మా, కాలిపోయిన నీ తొర్ర ఎలా ఉండేది?" అని అడిగింది.

ఇన్నాళ్ళకు ఒకరు ఆ మాట అడిగారు. పొన్నమ్మ గబగబా చెప్పింది. "చిన్నదక్కా. నేను ముడుచుకుని పడుకుంటే పిల్లలు నా చుట్టూ సరిపోవాలి, అంతే. పెద్దదైతే చలి. గుమ్మం పక్కకు ఉండాలి. కొమ్మ కదలకూడదు. దీపాలొద్దక్కా, వెలుగుంటే పాము చూస్తుంది."

"ఇవన్నీ ఆరోజు చెప్పాలనుకున్నావా?"

"అవునక్కా" అంది పొన్నమ్మ.

రేలమ్మ అటూ ఇటూ ఎగిరి చూసింది. ఒడ్డుకు ఎగువన, మంట అంటని నేరేడు చెట్టు ఒకటి ఉంది. దాని మాను దగ్గర రెండు కొమ్మలు చీలే చోట మంచి పంగ ఉంది. చోటు దొరికింది. కానీ ముడి వేయడం మగ గిజిగాళ్ళకే చేతనవుతుంది. రేలమ్మ తిరిగి తుమ్మ చెట్టుకు ఎగిరింది.

జిలుగయ్య ఇంకా అటే తిరిగి ఉన్నాడు. రేలమ్మ పక్కన వాలింది. తిట్టలేదు. అతని మెడ మీద రేగిన ఈకలను ముక్కుతో సర్దింది, చిన్నప్పుడు సర్దినట్టే.

"నా ముఖం ఎవరికి చూపించను వదినా?" అన్నాడు జిలుగయ్య. "గుంపు మొత్తాన్ని ఇన్నాళ్ళు అరగదీశాను. ఒక్క పిల్లకు కూడా నీడ ఇవ్వలేకపోయాను."

"నీ ముఖంతో ఆ పిల్లలకేం పని? వాళ్ళకింకా కళ్ళే తెరుచుకోలేదు. వాళ్ళకు నీ ముక్కు కావాలి. నాలుగు పచ్చి పోచలు తీసుకుని రా" అంది రేలమ్మ.

జిలుగయ్యకు ఏడుపూ వచ్చింది, నవ్వూ వచ్చింది. రెక్కలు విదిలించుకుని లేచాడు. గుంపులోని వాళ్ళు అతని వైపే చూస్తున్నారు. "తప్పు నాదే. వానకు ముందు ఒక్క గూడైనా నిలబెడదాం. నేను చేసేది తప్పనిపిస్తే ఎవరైనా సరే, అక్కడే చెప్పండి" అన్నాడు వాళ్ళతో.

అందరూ నేరేడు చెట్టు మీద వాలారు. ఈసారి ఒకరు గడ్డి తెస్తుంటే ఒకరు అల్లారు. కావలసినంతే తెచ్చారు, తెచ్చింది తెచ్చినట్టే అల్లారు. పంగలో అడుగు అల్లగానే జిలుగయ్య ఆగాడు.

"పొన్నమ్మా, ఒకసారి కూర్చుని చూడు" అన్నాడు.

పొన్నమ్మ కూర్చుని ముడుచుకుంది. "కాస్త వెడల్పు ఎక్కువన్నా."

జిలుగయ్య రెండు వరసలు విప్పి బిగించాడు. పక్క గోడ సగం లేపాక మళ్ళీ ఆగి అడిగాడు. "గాలి ఇటు నుంచే కొడుతోందన్నా" అంది పొన్నమ్మ. గుమ్మాన్ని మాను వైపుకు తిప్పాడు. అప్పుడు ఒక కుర్ర గిజిగాడు భయం భయంగా, "పెదనాన్నా, కప్పు మీద మనం వేసే అల్లిక కంటే ఆకులు పరిస్తే నీళ్ళు జారిపోతాయేమో" అన్నాడు. మొన్నటి జిలుగయ్య అయితే ఆ కుర్రవాడి పని అయిపోయేది. ఈ జిలుగయ్య, "అవును రా, అలాగే చెయ్యి" అన్నాడు. పొన్నమ్మ దూది తెచ్చి లోపల తనే పరుచుకుంది.

ఆ గూడు చూడటానికి ఏమంత బాగా లేదు. ఒక పక్క ఉబ్బుగా, ఇంకో పక్క నొక్కుగా ఉంది. పైన ఆకులు చిందరవందరగా ఉన్నాయి. చిలుక వచ్చి చూసి, "అన్నా, దీన్నేమని చాటమంటావు?" అని అడిగింది.

"ఏమీ చాటకు. ముందు ఇది తడవకుండా ఉంటుందో లేదో చూద్దాం" అన్నాడు జిలుగయ్య.

పొన్నమ్మ ఆఖరి పిల్లను తెచ్చి లోపల పెట్టిందో లేదో, వాన దబదబా మొదలైంది. గాలి లేచింది. తుమ్మ కొమ్మలు విదిలించినట్టు ఊగాయి. రెండు గదుల బరువు, మట్టి బరువు, వసారా బరువు! రాజగూళ్ళు ఒకదాని వెంట ఒకటి తెగి వంకలో పడ్డాయి. మిణుగురులు మట్టి వదిలించుకుని ముందే పారిపోయాయి. వంక పొంగి రాళ్ళ కుప్పను ముంచేసింది. పొద్దున పిల్లలు పడుకున్న చోట ఎర్రనీళ్ళు సుళ్ళు తిరిగాయి.

జిలుగయ్య కొట్టుకుపోతున్న తన గూళ్ళ వైపు ఒక్కసారి చూశాడు. అయినా అక్కడి నుంచి కదలలేదు. నేరేడు కొమ్మ మీద తడుస్తూ నిలబడి, గూటి వైపు వంగాడు.

"పొన్నమ్మా, లోపల కారుతోందా?"

జవాబు లేదు.

"పొన్నమ్మా! చలిగా ఉందా? గుమ్మం ఇంకా ముయ్యనా?"

జవాబు లేదు. జిలుగయ్య రేలమ్మ వైపు తిరిగాడు. "వదినా, మళ్ళీ ఎక్కడ తప్పు చేశాను? నువ్వొకసారి చూడు" అన్నాడు.

రేలమ్మ మాను పక్క నుంచి గుమ్మంలోకి తల పెట్టి చూసింది. చాలాసేపు అలాగే చూసింది. తర్వాత తల బయటికి తీసి, ముక్కు మీద వాన నీళ్ళు కారుతుండగా, లోగొంతుతో చెప్పింది.

"అరవకయ్యా. తల్లీ పిల్లలూ నిద్రపోతున్నారు."

ఎన్నో పొగడ్తలు విన్న జిలుగయ్య ఆ మాటకు వెక్కి వెక్కి ఏడ్చాడు. వాన కాబట్టి ఎవరికీ కనిపించలేదు. రేలమ్మకు కనిపించింది, కానీ ఆమె ఎవరికీ చెప్పలేదు.

నీతి: ఎవరి కోసం పని చేస్తున్నామో వారిని ముందుగా అడగాలి. కొంచెం చేసి చూపించి, వారు చెప్పినట్టు దిద్దుకుంటూ సాగాలి. మన గొప్ప కోసం చేసింది ఎంత అందంగా ఉన్నా వృథాయే, ఎదుటివారి అక్కర తీర్చింది ఎంత చిన్నదైనా గొప్పదే.