అమ్మ చీర ముక్కోణాలు

అనగనగనగా, గోదారి లంకల్లో ఒక ఊరుందిటమ్మా. ఆ ఊళ్ళో బుల్లెమ్మ అని ఒకావిడ. బొంతలు కుట్టడంలో ఆవిడ చెయ్యి మంచిదని పేరు. కానీ ఎప్పుడూ నలుచదరం ముక్కలతోనే కుట్టేది.

ఆవిడ చెల్లెలు మాణిక్యానికి పెళ్ళయిన పన్నెండేళ్ళకి ఆడపిల్ల పుట్టింది. అప్పుడు మాణిక్యం అడిగింది, "అక్కా, అమ్మ చీర ఒకటి నీ దగ్గరుంది కదే. బారసాల నాటికి దాంతో పాపకి బొంత కుట్టిపెట్టవే. అమ్మ కుట్టేది చూడు, ముక్కోణాలతో నక్షత్రాలు, అలాగ."

వాళ్ళమ్మ పోయి ఆరేళ్ళు. మిగిలింది ఆ చిలకపచ్చ చీర ఒక్కటే. బుల్లెమ్మ సరేనంది గానీ, గుండెల్లో గుబులే. ముక్కోణాలు కుట్టడం అమ్మ దగ్గర నేర్చుకోనేలేదు మరి!

మొదటిసారి పచ్చ ముక్కోణాలు కత్తిరించి, తెల్లబట్ట ముక్కోణాలకి జతచేసి కుట్టింది. విప్పి చూస్తే మొనలన్నీ కుట్టులోకి పోయాయి. అన్నీ మొండి నక్షత్రాలే!

అప్పుడు రెండోసారి కాస్త పెద్దవిగా కత్తిరించింది. ఈసారి మొనలొచ్చాయి. కానీ ఏటవాలుగా కోసిన బట్ట చేతిలో సాగిపోయింది. ఒక ముక్క పొడుగు, ఒక ముక్క పొట్టి. పక్కపక్కన పెడితే ఎక్కడా కలవ్వు.

ఆ తర్వాత చూసుకుంటే చీరలో చెంగు వైపు బారెడు బట్టే మిగిలింది. బారసాల ఇంక నాలుగు రోజులు. బుల్లెమ్మకి అన్నం సయించలేదు.

అప్పుడు ఆ బట్టా, ఆ ముక్కలూ చంకలో పెట్టుకుని, రేవు దగ్గర మిషను కుట్టే మస్తాన్ గారి దగ్గరికి పోయింది. "అమ్మ చీర పాడుచేశాను బాబాయ్," అని ముక్కలన్నీ ఆయన ముందు పరిచింది.

ఆయన కళ్ళజోడు సర్దుకుని ముక్కలు తిప్పి తిప్పి చూశాడు. "నువ్వు కోసి కుడుతున్నావమ్మాయ్. ఏటవాలు అంచు ఊరుకుంటుందా, సాగుతుంది. ముందు కుట్టు, ఆనక కొయ్యి," అన్నాడు.

బుల్లెమ్మ ఇంటికొచ్చి పచ్చ చదరం మీద తెల్ల చదరం పెట్టింది. మూల నుంచి మూలకి పెన్సిల్ గీత గీసింది. గీతకి అటు పావంగుళంలో ఒక కుట్టు, ఇటు పావంగుళంలో ఒక కుట్టు. అప్పుడు ఊపిరి బిగబట్టి, సరిగ్గా గీత మీద కత్తిరించింది. విప్పి, లాగకుండా, అరచేత్తో అదిమింది.

సగం పచ్చ, సగం తెలుపు, చక్కని చదరాలు రెండు! మూలలన్నీ సరి. బుల్లెమ్మ గోడకి జారబడి, కొంగుతో మొహం తుడుచుకుని, ఒక్కత్తే నవ్వుకుంది. ఆ పూట అన్నం మారు వడ్డించుకుంది.

అలాంటి చదరాలే పక్కపక్కన చేర్చి నక్షత్రాలు కుట్టింది. బొంత చిన్నదే అయింది. నక్షత్రాలు మూడే. బారసాల రోజు చెల్లెలికి దాచకుండా చెప్పేసింది. "రెండుసార్లు చెడగొట్టానే. చీరంతా అయిపోయింది."

మాణిక్యం ఆ మొనల్ని వేలితో తడిమి తడిమి చూసింది. "మూరెడు పిల్లక్కా ఇది. దీనికి ఇదే పెద్ద పక్క," అంది.

అప్పుడు పాపని ఉయ్యాల్లో ఆ బొంత మీద పడుకోబెట్టారు. పాప రెండుసార్లు కాళ్ళు తన్ని, హాయిగా నిద్రపోయింది. బుల్లెమ్మ మనసు దూదిపింజలా తేలికైపోయింది.

కథ కంచి దారి పట్టింది,
కునుకు కంటి దారి పట్టింది.
ఇంక పడుకో నా తల్లీ!