బుష్షుకీ పిన్నుకీ మధ్య

తిరుపాలుకి పెళ్లయి ఐదు నెలలు. అందులో భార్య పక్కన ఉన్నది ఇరవై రెండు రోజులు. మిగతా రోజులన్నీ నాగవేణి నెల్లూరులో, హాస్టల్లో ఉండి నర్సు చదువు చదువుకుంటోంది. ఇంకో ఏడాది ఉంది. చదివిస్తానని పెళ్లిచూపుల్లో మాటిచ్చింది అతనే.

మాటివ్వడం తేలికే. సాయంత్రం పూట చీమకుర్తి క్వారీ అంచున కూర్చుంటే, కోసిన నల్లరాయిలో వెండి చుక్కలు మినుకుమంటుంటే, ఒక్కో చుక్కలోంచీ నాగవేణే చూస్తున్నట్టుంటే, ఆ మాట మీద నిలబడటమే కష్టం.

రోజుకి పదిసార్లు ఫోను చేసేవాడు. తిన్నావా, ఎక్కడున్నావు, ఇందాక ఎందుకు ఎత్తలేదు. వార్డులో ఉంటే ఎత్తకూడదని ఆమె చెప్పీ చెప్పీ మానేసింది. శుక్రవారం పొద్దున ఇక ఉండలేక, చదువు ఆపేసి వచ్చెయ్యమన్నాడు.

"సరే. ఆదివారం వచ్చి తీసుకుపో," అంది నాగవేణి.

ఎగిరి గంతెయ్యాల్సినవాడు ఫోను పట్టుకుని అలాగే నిలబడిపోయాడు. ఆ గొంతులో తడి లేదు.

శనివారం పొద్దున్నే ఉస్తాద్‌ని సెలవడిగాడు. ఉస్తాద్ అంటే కాశింసాయిబు. ఆ చుట్టుపక్కల క్వారీల్లో ఏ పొక్లెయిన్ మూలిగినా ఆయనకే కబురొస్తుంది. తిరుపాలు ఆరేళ్లుగా ఆయన దగ్గర పని నేర్చుకుంటున్నాడు. సెలవెందుకో దాచకుండా చెప్పాడు. ముసలాయన మంచిదనీ అనలేదు, చెడ్డదనీ అనలేదు. ఆపరేటర్ చెంచయ్య బండికి బకెట్ దగ్గర బుష్షు అరిగి లొడలొడలాడుతోంది, అది మార్చి వెళ్లమన్నాడు.

పొక్లెయిన్ ఆర్మ్ కూడా మనిషి చెయ్యిలాంటిదే. మణికట్టు ఉండాల్సిన చోట లావుపాటి ఉక్కు పిన్ను ఉంటుంది. దాని చుట్టూ గాజు తొడిగినట్టు బుష్షు. బకెట్ ముడుచుకున్నా చాపుకున్నా ఆ పిన్ను మీదే.

తిరుపాలు లేత్ మిషను మీద కోసి కొత్త బుష్షు తీశాడు. పిన్నుకి సరిగ్గా సరిపోయేట్టు, వెంట్రుక కూడా దూరకుండా తీశాడు. బుష్షుని ఆర్మ్‌లోకి దిగ్గొడితే అది చుట్టూ నొక్కుకుని లోపల ఇంకాస్త ఇరుకవుతుంది. అందుకే ముందే కొంచెం వదులు ఉంచి తియ్యాలి. ఇది అతనికి తెలియని సంగతి కాదు. ఆ పూట మనసు నెల్లూరు బస్సెక్కి కూర్చుంది, అంతే. పిన్ను దూరకపోతే పెద్ద సుత్తి తీసుకుని చెమటలు కారేలా బాది దించాడు.

"చూడండి ఉస్తాద్. ఇసుమంత కూడా కదలదు," అన్నాడు గర్వంగా.

చెంచయ్య క్యాబిన్లోంచి నవ్వాడు. "కొత్త పెళ్లికొడుకు దించిన పిన్ను సాయిబూ. ఎట్టా కదులుద్ది?"

సాయిబు నవ్వలేదు. బకెట్ ముడుస్తూ చాపుతూ ఉండమని చెంచయ్యకి చెప్పి, రాతి దిమ్మె మీద కూర్చుని బీడీ ముట్టించాడు. రెండో బీడీ అయ్యేసరికి కీలు దగ్గర కీచుమని ఏడుపు మొదలైంది. బండి ఆపించాడు. శిష్యుడి అరచెయ్యి పట్టుకుని ఆ కీలు మీద పెట్టాడు. చురుక్కుమని తిరుపాలు చెయ్యి లాక్కున్నాడు.

ఆ చేతికే గ్రీజు గన్ను అందించాడు సాయిబు.

తిరుపాలు బలమంతా పెట్టి కొట్టాడు. ఒక్క చుక్క లోపలికి పోలేదు. పెట్టిందంతా గన్ను మూతి చుట్టూ పొంగి అతని వేళ్ల మీదికే వచ్చింది.

"పోవట్లేదు ఉస్తాద్."

"ఎక్కడికి పొమ్మంటావు దాన్ని?"

తిరుపాలు మళ్లీ సుత్తి అందుకున్నాడు.

పిన్ను బయటికి రావడానికి మధ్యాహ్నమంతా పట్టింది. నీలంగా కమిలి, ఒళ్లంతా గీతలు పడి వచ్చింది. దాన్ని పక్కన పెట్టి, సాయిబు గరుకైన ఎమరీ కాగితం కర్రకి చుట్టి, తనే కూర్చుని బుష్షు లోపల నిదానంగా రుద్దాడు. తుడిచాడు, వేలు పెట్టి చూశాడు, మళ్లీ రుద్దాడు. అప్పుడు కొత్త పిన్ను తెచ్చి అరచేత్తో నెట్టాడు. లోపలికి జారిపోయింది.

తిరుపాలు పట్టుకుని ఊపి చూశాడు. కనీకనిపించనంత కదిలింది.

"ఖాళీ వచ్చింది కదా ఉస్తాద్."

"ఖాళీ కాదు బేటా. గ్రీజు ఉండే ఇల్లు."

ఈసారి గ్రీజు మెత్తగా లోపలికి పోయింది. కాసేపటికి పిన్ను అంచున చుట్టూ సన్నగా తొంగిచూసింది. చెంచయ్య బకెట్ ముడిచాడు, చాపాడు. చప్పుడు లేదు.

గుడ్డతో చేతులు తుడుచుకుంటూ, రేపు ఏ బస్సుకి పోతావని సాయిబు అడిగాడు. తిరుపాలు గ్రీజు గన్ను తుడిచి పక్కన పెట్టాడు. నాగవేణి డ్యూటీ దిగే వేళయ్యేదాకా క్వారీ అంచున ఒక్కడే కూర్చున్నాడు. ఫోను చేతిలోనే ఉంది. అట్లా ఆగడం ఈ ఐదు నెలల్లో అదే మొదటిసారి.

వేళయ్యాక చేశాడు. పెట్టె సర్దేశానని చెప్పింది నాగవేణి.

"విప్పెయ్," అన్నాడు తిరుపాలు. "రేపొస్తా. చూసి పోతా."