ఏడ్చేవాళ్ళను అడగని అడవి

అనగనగా ఒక అడవి. అడవి అంచున ఒక ఏరు. ఏటికి ఇవతల మనవాళ్ళు. అవతల తోడేళ్ళకూ అడవిపందులకూ యుద్ధం. ఎందుకని అడక్కండి, ఇవతల ఎవరికీ తెలియదు.

ఏటి రేవుకు కాపలా బండన్న అనే అడవిదున్న. అతను అడ్డంగా నిలబడితే చీమ కూడా దాటలేదు. వెనక పొదలోనే అతని చిన్న దూడ పడుకునేది.

ఆ అడవిలో ఒక మర్యాద ఉంది. ఏడ్చేవాళ్ళను ఏమీ అడగకూడదు. కళ్ళు ఆరాకే అడగాలి. మంచి మర్యాదే. తోడేళ్ళు పడేసిన మాంసం తింటూ వాటి గొప్పలు చాటే జాణయ్య నక్కకైతే ఇంకా మంచిగా కనిపించింది.

మొదటిరోజు జాణయ్య ఒక కుంటి కుందేలును తెచ్చాడు. "పందులు కుమ్మాయి!" అన్నాడు. అందరూ అయ్యో అన్నారు. రెండోరోజు తోకలేని కౌజుపిట్టను తెచ్చాడు. "పందులు పీకాయి!" అన్నాడు. అందరూ పళ్ళు నూరారు. మూడోరోజు ఏడుస్తున్న జింకపిల్లను తెచ్చాడు.

"దీని తల్లిని పందులు చంపేశాయర్రా! మన తోడేళ్ళను ఇవతలికి రానివ్వండి, మీకు కాపలా కాస్తాయి," అన్నాడు.

తోడేళ్ళు ఎప్పుడు 'మన' తోడేళ్ళయ్యాయో బండన్నకు అంతుపట్టలేదు.

"పాపా, నువ్వు కళ్ళారా చూశావా?" అని అడిగాడు.

జింకపిల్ల ఏడుపు ఆపి నోరు తెరిచింది. జాణయ్య గబుక్కున దాని కళ్ళకు అడవి ఉల్లిగడ్డ రుద్దాడు. "పాపం, మళ్ళీ దుఃఖం పొంగుకొచ్చింది!" అన్నాడు.

"ఏడ్చే పిల్లను అడుగుతావా? నీది గుండెకాయా, బండరాయా?" అని కోతి పిన్ని దులిపేసింది.

"పందులకు చుట్టమేమో!" అంది ఉడుత.

బండన్నకు చర్మం మందమే గానీ మాట పడే అలవాటు లేదు. తల దించుకుని రేవు వదిలాడు.

తోడేళ్ళు దాటాయి. తెల్లారేసరికి పొదలో దూడ లేదు. తోడేళ్ళు మూతులు నాకుతున్నాయి. బండన్న నేలమీద పడి గొల్లుమన్నాడు.

జాణయ్య ఊరుకుంటాడా? కొండ అవతలి జంతువులను వెంటబెట్టుకొచ్చాడు.

"చూడండి, ఇతని దూడను పందులు తినేశాయి! మీ కనుమ దారి కూడా తోడేళ్ళకు వదలండి," అన్నాడు.

వాళ్ళూ అయ్యో అన్నారు. ఒక్కరూ ఏమీ అడగలేదు. వాళ్ళదీ అదే మర్యాద మరి!

బండన్న కడుపు మండిపోయింది. ముఖాన్ని ఇసుకలో రుద్దుకుని లేచి నిలబడ్డాడు.

"నా కళ్ళు ఆరాయి. ఇప్పుడు అడగండి," అన్నాడు.

"నీ దూడను తిన్నదెవరు మామా?" అంది ఒక దుప్పి.

"తోడేళ్ళు. వాటికి దారి వదిలింది నేను."

జాణయ్య ఉల్లిగడ్డ కోసం తడుముకున్నాడు. అది బండన్న కాలికింద ఉంది.

నీతి: ఏడ్చేవాళ్ళను ఓదార్చండి. ఏడిపించిందెవరో అడిగి తెలుసుకున్నాకే దారి వదలండి.