చేతులున్న కుర్చీ

దివాకర్‌కి కోపం రాని రోజు లేదు. కళ ప్రజలదని, కుంచె కూడా ఆయుధమేనని, డబ్బున్నవాళ్ల హాల్లో వేలాడే ప్రతి పటమూ ఒక అబద్ధమేనని పుస్తకాల్లో చదివాడు. చదివినవన్నీ తనే కనిపెట్టినట్టు చెప్పేవాడు.

అతను శిష్యరికం చేస్తున్నదేమో కాకినాడలో జలాల్ సాయిబు దగ్గర. ఆయన నలభై ఏళ్లుగా వేస్తున్నవన్నీ ఇళ్లల్లో పెట్టుకునే కుటుంబ చిత్రాలే.

"ఈ మిల్లు యజమానుల మీసాలు ఇంకెన్నాళ్లు దిద్దాలి ఉస్తాద్?" అని ఒకసారి అడిగాడు.

"నువ్వు దిద్దిన మీసం ఎడమవైపు కిందికి జారింది. ముందు అది చూసుకో" అన్నాడు సాయిబు.

అయినా దివాకర్ వదిలి వెళ్లలేకపోయాడు. సాయిబు వేసిన మనిషి ముందు నిలబడితే, ఆ మనిషి ఇప్పుడే ఏదో చెప్పబోయి ఆగినట్టుండేది. అదెలా వస్తుందో ఏ పుస్తకంలోనూ లేదు.

ఆ వేసవిలో గరికిన నూకరత్నం వచ్చింది. చేపల బజారులో గంప పెట్టుకుని అమ్మే మనిషి. గుమ్మం బయటే చెప్పులు విప్పి, చేతులు కొంగుకు రెండుసార్లు తుడుచుకుని లోపలికి అడుగుపెట్టింది.

"కొత్తగా స్లాబు ఇల్లు వేసుకున్నామండి సాయిబుగారూ. ముందు గదిలో ఒక గోడ ఖాళీగా ఉంది. నేనూ, నా ఇద్దరు కూతుళ్లూ ఉన్న పటం కావాలి. ఫొటో కాదండి, మీరు చేత్తో వేస్తారే, అది. నాకు మెరూన్ పట్టుచీర కట్టండి. చేతులున్న కుర్చీలో కూర్చోబెట్టండి."

సాయిబు దివాకర్ వైపు తిరిగాడు. "నువ్వే వెయ్యి. ఇన్నాళ్లూ నన్ను తిట్టింది వీళ్ల తరఫునేగా."

దివాకర్ నెలరోజులు ఇంకో పని ముట్టలేదు. పొద్దున్నే బజారుకు వెళ్లి ఆమె ఎదురుగా చతికిలబడి గీతలు గీసుకునేవాడు. పటంలో ఆమె గంప వెనక నేల మీద కూర్చుని ఉంది. మోచేతికి అంటుకున్న చేపపొలుసు మీద వెలుగు పడుతోంది. మడమల పగుళ్లు ఒక్కొక్కటీ కనిపిస్తున్నాయి. కూతుళ్లిద్దరూ వెనక నిలబడి ఉన్నారు. పట్టుచీర లేదు. కుర్చీ లేదు.

సాయిబు కళ్లద్దాలు తీసి, తుడుచుకుని, మళ్లీ పెట్టుకుని చూశాడు.

"ఈ మడమ నేను వెయ్యలేను" అన్నాడు.

నాలుగేళ్లలో ఆయన నోట అంతటి మెప్పు దివాకర్ ఎన్నడూ వినలేదు.

నూకరత్నం కూతుళ్లను వెంటబెట్టుకుని వచ్చింది. పటం ముందు చాలాసేపు నిలబడింది.

"అచ్చం నేనే" అంది చివరికి. "చీర మర్చిపోయావా బాబూ?"

"మర్చిపోలేదమ్మా. పట్టుచీరా, కుర్చీ పెత్తందార్ల అలంకారాలు. నీ శ్రమే నీ అందం. నీ ఇంటి గోడ మీద ఉండాల్సింది నిజం."

ఆమె తల ఊపింది. వెక్కిరింపు లేదు, కోపమూ లేదు.

"బాగా చెప్పావు బాబూ. ఇరవై రెండేళ్లుగా చీకటితో లేచి ఈ గంప ఎత్తుకుంటున్నాను. ఇంటికి పోయేదే దీన్ని దించుకోడానికి. నువ్వేమో దాన్ని మేకు కొట్టి గోడకి తగిలించుకోమంటున్నావు." పటం అంచును వేలి కొసతో తాకింది. "చాలా బాగుంది. నువ్వే ఉంచుకో."

కూతుళ్లను తీసుకుని వెళ్లిపోయింది. చిన్నది గుమ్మం దగ్గర ఒకసారి వెనక్కి తిరిగి చూసింది.

దివాకర్ మొహం ఎర్రబడింది. "చూశారా ఉస్తాద్? వాళ్ల కలలు కూడా వాళ్లవి కావు. పైవాళ్ల దగ్గర అరువు తెచ్చుకున్నవే. అడిగారు కదా అని వేసిస్తే ఆ మోసంలో మనకూ వాటా ఉన్నట్టే."

సాయిబు లేచి మూలనున్న ట్రంకుపెట్టె తెరిచాడు. శిష్యుడిగా చేరిన ప్రతివాడి బొమ్మా మొదటిరోజే పెన్సిల్‌తో వేసి దాచుకోవడం ఆయన అలవాటు. అడుగు నుంచి ఒక కాగితం తీసి దివాకర్ ఒళ్లో పెట్టాడు.

అది దివాకర్ బొమ్మే. నాలుగేళ్ల కిందటిది. ఆ రోజు అతనికి బాగా గుర్తుంది. ఉన్నది ఒక్కటే మంచి చొక్కా. దాని కాలరు చిరిగిపోయి ఉంది. అందుకని కూర్చున్నంతసేపూ మెడ మీద చెయ్యి అడ్డం పెట్టుకునే ఉన్నాడు. చెయ్యి తియ్యమని సాయిబు అనలేదు. వేసిన బొమ్మ అతనికి చూపించనూ లేదు.

కాగితం మీద చెయ్యి లేదు. కాలరు ఉంది. ఎక్కడా చిరుగు లేదు.

"ఆ రోజు నిన్ను మోసం చేశానా?" అని అడిగి, జవాబు కోసం ఆగకుండా సాయిబు కుంచెలు కడుక్కోడానికి పెరట్లోకి వెళ్లిపోయాడు.

దివాకర్ చెయ్యి దానంతటదే మెడ మీదికి పోయింది.

మర్నాడు పొద్దున చేపల బజారులో నూకరత్నం గంప ముందు అతను మళ్లీ చతికిలబడ్డాడు. ఈసారి చేతిలో కాగితం లేదు.

"కుర్చీ చేతులు చెక్కవి కావాలా అమ్మా, మెత్తవి కావాలా?"

ఆమె తలెత్తలేదు. చేతిలో ఉన్న వంజరం ముక్క కోయడం పూర్తిచేసింది.

"మెత్తవే వెయ్యి బాబూ" అంది. "చాలాకాలం కూర్చోవాలి కదా."