ఆలస్యంగా చేరిన పరమాణువులు

అడిగినదానికి వెంటనే జవాబు చెప్పే అలవాటు వెంకటాచలం మాస్టారికి లేదు. ఇందుమతికేమో ఆగే ఓపిక లేదు. కాలేజీ గడప తొక్కకుండా, పుస్తకాలు ముందేసుకుని తనంత తానే నేర్చుకున్న పిల్ల. అయినా ప్రయోగశాలలోని హీలియం యంత్రాన్ని మాస్టారు ఆమె చేతికే అప్పగించారు. గాలి తీసేసిన గొట్టంలో హీలియం పరమాణువులను ఒకే వేగంతో స్ఫటికం మీదికి వదలాలి. తగిలి తిరిగొచ్చిన వాటి వేళను బట్టి స్ఫటికం పైపొర ఎలా వణుకుతోందో చెప్పాలి. మూడు నెలలైనా ఆమె చెప్పలేకపోయింది. మర్నాటి సమీక్షలోనూ చెప్పలేకపోతే యంత్రాన్ని విప్పేస్తారు.

"మాస్టారూ, స్ఫటికం వణకడమే లేదా, నాకే కనబడటం లేదా?" అని ఆ ఉదయం అడిగేసింది.

ఆయన ఆమె గ్రాఫులు తిరగేశారు. అన్నిట్లోనూ నడిమధ్య, ఒకే వేళకు చేరినవాటిది, ఒకే ఒక్క శిఖరం; ఇరుపక్కలా నున్నటి గీత. "అద్దంలా తుడిచావే అమ్మాయ్," అని, గేటు దగ్గర కుర్చీ వేయించుకుని ఆమెను పక్కన నిలబెట్టుకున్నారు.

ప్రయోగశాల పనివాళ్లంతా ఒకే బస్సు దిగి నడిచొస్తారు. స్టోర్సు పర్వతమ్మ అందరికంటే ముందే వచ్చింది. "దారెలా ఉంది?" అని అడిగారు మాస్టారు. "పాల వ్యానువాడు ఎక్కించుకున్నాడండీ, కాళ్లు బతికిపోయాయి!" తరవాత ఇరవైమంది గుంపుగా వచ్చారు. అదే ప్రశ్న. "ఏముంది సార్, రోజూలాగే."

పావుగంటకు గాజు ఊదే జోజప్ప కుంటుకుంటూ వచ్చాడు, మోకాలిదాకా బురదతో.

"నవ్వకమ్మా ఇందూ! దారిలో మురుగు మోరీ మీద బండ కదులుతోంది, అడుగేశానో లేదో దిగబడ్డా. ఇందాక ఇంతమంది దాని మీంచే వచ్చారుగా, ఒక్కరికీ తెలీలేదా?"

ఇందుమతి నవ్వు ఆగిపోయింది. లోపలికి పరుగెత్తి, తుడవకముందటి అసలు లెక్కలు తెరిచింది. శిఖరానికి ముందొక చిన్న బొడిపె, వెనకొక చిన్న బొడిపె. పంపు లాగకుండా మిగిల్చిన గాలి అనుకుని రోజూ వాటినే కోసేసింది తను. వణుకు నుంచి బలం పుంజుకున్నవి ముందుగా, దానికి బలం ఇచ్చినవి ఆలస్యంగా చేరుతున్నాయి.

మాస్టారు వచ్చేసరికి ఆమె కళ్లు తడిగా ఉన్నాయి. "మూడు నెలలు నేనే కోసేశానని కూడా రేపు వాళ్లకి చెప్పాలా మాస్టారూ?"

"అదే ముందు చెప్పు," అన్నారాయన. "ఆలస్యంగా చేరినదానివి నువ్వూనూ. దారెలా ఉందో నువ్వే చెప్పాలి."