సెల్లార్‌లో కొలిచిన ఆయిల్

హైదరాబాద్ నిజాంపేటలో ఒక అపార్ట్‌మెంట్ నాలుగో అంతస్తులో, ఎవరినీ ఏదీ అడగని నిరుపమ అనే అమ్మాయి ఒంటరిగా ఉండేది.

అడగకపోవడం ఆమెకు పొగరు కాదు, అలవాటు. వంట వీడియోలు చూసి నేర్చుకుంది. కుళాయి కారితే తనే బాగుచేసుకునేది. జ్వరం వస్తే తనే మాత్ర వేసుకుని, తనే దుప్పటి కప్పుకునేది. నాలుగేళ్ళుగా ఉంటున్నా ఎదురు ఫ్లాట్ ఆమె పేరు తెలియదు. కొన్ని ఆదివారాలు సాయంత్రం దాకా ఒక్క మాట కూడా మాట్లాడేది కాదు. కూరగాయల బండి అతను "ఏం కావాలమ్మా?" అంటే, గొంతు సవరించుకుంటే గానీ మాట పెగిలేది కాదు.

ఆమెకున్న తోడల్లా ఒక ఎర్ర స్పోర్ట్స్ కారు. దానికి రెండే సీట్లు. పక్క సీట్లో ఎప్పుడూ ఆమె హెల్మెట్ కూర్చునేది. పదకొండేళ్ళ పాత బండి అది. వారంటీ ఎప్పుడో అయిపోయింది. ఆ మోడల్ తయారు చెయ్యడం కంపెనీ మానేసింది కూడా. ఇంజన్ పోతే పూచీ పడేవాళ్ళు లేరు, అలాంటిది ఇంకొకటి దొరకదు. అయినా నెలకొకసారి నిరుపమ దాన్ని ఊరి బయట రేస్ ట్రాక్‌కు తీసుకెళ్ళి, చేతులు నొప్పి పుట్టేదాకా నడిపేది. ఆ కాసేపూ తనకెవరూ లేరన్న సంగతి గుర్తుకొచ్చేది కాదు.

ట్రాక్ దగ్గర గఫూర్ భాయ్ అనే ముసలి మెకానిక్ ఉండేవాడు. అక్కడ ఆయన ఒక పద్ధతి పెట్టాడు. బండి ట్రాక్ ఎక్కే ముందు ఎవరి డిప్‌స్టిక్ వాళ్ళు చూసుకోకూడదు. డిప్‌స్టిక్ అంటే ఇంజన్‌లో ఆయిల్ ఎంతుందో చూపించే సన్నటి ఇనుప బద్ద. దాని మీద పైన ఒక గీత, కింద ఒక గీత ఉంటాయి. పక్క బండివాళ్ళు దాన్ని లాగి, గుడ్డతో తుడిచి, మళ్ళీ దించి, తీసి చూసి "ఉంది" అనాలి. అప్పుడే బయలుదేరాలి.

నిరుపమ మాత్రం బానెట్ ఎత్తేది కాదు.

"ఇంటి దగ్గరే చూసుకుని వచ్చానండీ," అనేది.

పక్కన బండి పెట్టుకునే పట్టాభి పళ్ళ డాక్టరు. ఆయన నవ్వేవాడు. "నేను ఇరవై ఏళ్ళుగా పళ్ళు చూస్తున్నానమ్మా. అయినా నా పన్ను పుచ్చితే ఇంకో డాక్టరు ముందే కదా నోరు తెరవాలి!"

నిరుపమ కూడా నవ్వేది. కానీ బానెట్ తెరిచేది కాదు. బలవంతం చెయ్యడం ఎందుకని వాళ్ళూ వదిలేసేవాళ్ళు.

ఆ వేసవిలో ఆయిల్ మార్చాల్సి వచ్చింది. వారంటీ ఉన్నన్నాళ్ళూ కంపెనీ చెప్పిన ఆయిలే పోయాలి. అది అయిపోయాక ఏది పోసినా అడిగేవాళ్ళుండరు. ఆ స్వేచ్ఛ ఆమెకు మొదట బాగుంది. తర్వాత భయం వేసింది. నెల రోజులు ఫోన్‌లో చదివింది. పల్చటి ఆయిలే మంచిది, చల్లటి ఇంజన్‌లో చకచకా పాకుతుందని ఒకరు రాశారు. ట్రాక్ వేడికి అది నీళ్ళైపోతుంది, చిక్కటిదే పోయాలని ఇంకొకరు. మరీ చిక్కటిదైతే మూలమూలలకూ చేరేలోపే ఇంజన్ అరిగిపోతుందని మూడో మనిషి. ముఖాలు తెలియని ఆ ముగ్గురూ పోట్లాడుకుంటుంటే ఆమె అన్నం తింటూ చదివేది. ఇంట్లో నలుగురు మాట్లాడుకుంటున్నట్టుండేది. ఏ ఆయిలో తేలిపోతే ఆ సందడి ఆగిపోతుందని, కావాలనే ఇంకో రెండు రోజులు చదివింది.

ఒకసారి ట్రాక్ దగ్గర గఫూర్ భాయే అడిగాడు. "ఏం ఆయిల్ పోస్తున్నావు బేటా?"

"ఇంకా చూస్తున్నానండీ."

"ఏ ఆయిల్ అన్నది తర్వాత. ట్రాక్ మీద తిరిగినప్పుడల్లా ఎంత తగ్గుతోందో చూశావా?"

"అస్సలు తగ్గదండీ. ఎప్పుడు చూసినా నిండుగానే ఉంటుంది."

గఫూర్ భాయ్ కళ్ళద్దాలు పైకి తోసుకున్నాడు. "పదకొండేళ్ళ ఇంజన్, ట్రాక్ మీద ఇంత కొడుతున్నావు, చుక్క కూడా తాగదా? ఏదీ, ఒకసారి నన్ను చూడనీ."

"పర్లేదండీ, నేను చూసుకుంటాను."

ఆయన మళ్ళీ అడగలేదు.

చివరికి ఆమె మంచి ఆయిలే ఎంచుకుంది. ఆ ఇంజన్‌కూ, ఆ వేడికీ సరిగ్గా సరిపోయేది. ఆ విషయంలో ఆమె ఏ పొరపాటూ చెయ్యలేదు. సెల్లార్‌లో, గోడవైపు ముఖం పెట్టి నిలిపిన కారు కింద పళ్ళెం పెట్టి పాత ఆయిల్ దించింది. అయిదు లీటర్లు పట్టాలని కారుతో వచ్చిన పుస్తకంలో ఉంది. నాలుగు పోసి చూసేసరికి డిప్‌స్టిక్ మీద పై గీత దాకా వచ్చేసింది.

'పాతది కొంత లోపలే మిగిలి ఉంటుందిలే,' అనుకుంది. అడగడానికి ఎవరూ లేరు. ఉన్నా అడిగేది కాదు. మిగిలిన లీటరు డబ్బా మూత బిగించి అటక మీద పెట్టింది.

ఆ ఆదివారం ట్రాక్ దగ్గర పట్టాభి గుడ్డ పట్టుకుని వచ్చాడు. "కొత్త ఆయిల్ పోశావటగా! ఇవాళైనా చూడనిస్తావా?"

"నిన్ననే చూశానండీ. నిండుగా ఉంది."

మూడో రౌండులో పొడవాటి కుడి మలుపు తిరుగుతుంటే, ముందున్న ఎర్ర లైటు చటుక్కున వెలిగి ఆరింది. ఆయిల్ అందడం లేదని చెప్పే లైటు అది. చెంబు గిరగిరా తిప్పితే నీళ్ళన్నీ ఒక పక్కకు పోయినట్టు, అంత వేగంలో ఇంజన్‌లో ఆయిల్ కూడా పక్కకు పోతుంది. తగినంత ఉంటే ఫరవాలేదు. తక్కువుంటే పంపు ఆయిల్ బదులు గాలి పీలుస్తుంది, తడి అందక ఇంజన్ పట్టేస్తుంది.

'నిండుగా ఉంది కదా. వైరు వదులై ఉంటుంది,' అనుకుంది నిరుపమ. ఆగలేదు.

నాలుగో రౌండులో అదే మలుపు దగ్గర లైటు వెలిగి, ఈసారి ఆరలేదు. లోపల ఎవరో సుత్తితో కొట్టినట్టు చప్పుడైంది. తర్వాత చప్పుడే లేదు.

బండిని తాడు కట్టి లాక్కొచ్చారు. ఆయిల్ అడుక్కి దిగేదాకా ఆగి గఫూర్ భాయ్ డిప్‌స్టిక్ తీశాడు. కింది గీత కూడా తడవలేదు.

"దీంట్లో ఆయిల్ ఏది బేటా?"

"ఒట్టండీ. నిన్ననే చూశాను."

ఆమె అబద్ధం చెబుతోందని ఎవరూ అనలేదు. నమ్మినట్టూ కనిపించలేదు. కారును గఫూర్ భాయ్ షెడ్డులో వదిలి, ఒళ్ళో హెల్మెట్ పెట్టుకుని బస్సెక్కింది. పక్క సీటామె, "బండేదమ్మా?" అనడిగింది. చెప్పబోయి, కిటికీ వైపు తిరిగింది.

మూడు వారాలు గడిచాయి. ఒక ఉదయం ఆఫీసుకు వెళ్తూ నిరుపమ సెల్లార్‌లో తన ఖాళీ చోటు ముందు ఊరికే నిలబడింది. వెనక ఎదురు ఫ్లాట్ ఆమె కూరగాయల సంచి తెగింది. నిమ్మకాయలు జారిపడ్డాయి. పడ్డవి పడ్డచోట ఉండలేదు. ఎర్ర కారు ఉండాల్సిన చోటు మీదుగా దొర్లుకుంటూ పోయి, గోడ పక్క కాలువలో వరసగా పడ్డాయి.

"అయ్యో, అవేంటి అలా పోతున్నాయి?" అంది నిరుపమ.

"ఈ నేలంతా వాలేగా తల్లీ! వాన నీళ్ళు కాలువలోకి పోవాలని అలా కట్టారు. అందరికీ తెలుసే. ఇన్నేళ్ళ నుంచి ఉంటున్నావు, చూడలేదా?"

కాలువలో పడ్డవాటిని వదిలేసి, మిగతా కూరగాయలు కొంగులో వేసుకుని ఆవిడ పైకి వెళ్ళిపోయింది. నిరుపమ ఆ నేలనే చూసింది. నేల గోడవైపు వాలు. కారు ముఖమూ గోడవైపే. ఉన్న ఆయిలంతా ముందుకు చేరేది, డిప్‌స్టిక్ ఉన్న వైపుకే. లీటరు తక్కువున్నా అది నిండుగానే చూపించేది. ప్రతిసారీ అక్కడే చూసింది. ప్రతిసారీ ఒక్కతే చూసింది.

ఈ సంగతి ఎవరికైనా చెప్పాలనిపించింది. ఫోన్ తీసింది. పేర్లన్నీ కిందికి జరిపింది, మళ్ళీ పైకి జరిపింది. చివరికి గఫూర్ భాయ్‌కి చేసింది.

"మా సెల్లార్ నేల వాలట భాయ్."

"అదా సంగతి! ఎవరు చెప్పారు బేటా?"

"ఎదురు ఫ్లాట్ ఆవిడ."

"ఆమె పేరేంటి?"

తెలియదని ఒప్పుకుంది నిరుపమ. ఆయన మాట మార్చి, "ఇంజన్ ఎక్కడా దొరకలేదు. దొరకదేమో కూడా. అయినా ఆదివారం రా," అన్నాడు.

ఆమె ఫోన్ జేబులో పెట్టుకుని, వంగి, కాలువలోంచి నిమ్మకాయలు ఏరింది. పైకి వెళ్ళి తలుపు కొట్టింది. ఆవిడ పేరు భ్రమరాంబ.

ఆదివారం కారు లేకుండా బస్సులో ట్రాక్‌కు వెళ్ళింది. చేతి సంచిలో అటక మీది లీటరు డబ్బా ఉంది. పట్టాభి తన బానెట్ ఎత్తి, "రా అమ్మా, నాది ఎవరూ చూడలేదు," అన్నాడు. ఆమె డిప్‌స్టిక్ లాగి, తుడిచి, దించి, తీసి చూసింది.

"తగ్గింది డాక్టరుగారూ. ఇంటి దగ్గర చూసుకున్నారా?"

"చూసుకున్నాను. నిండుగానే ఉందనుకున్నానే!"

గఫూర్ భాయ్ ఆమె చేతిలోని డబ్బా మీద ఆయిల్ చిక్కదనం చెప్పే అంకెలు చదివి, ఆ బండికీ అదే సరిపోతుందని తలూపాడు. నిరుపమ మూత తీసి, చుక్క ఒలకకుండా పోసింది. మళ్ళీ చూసి, "ఉంది," అంది. పట్టాభి బండి ట్రాక్ ఎక్కింది. అది మలుపు తిరిగి కనిపించకుండా పోయేదాకా, ఖాళీ డబ్బా పట్టుకుని ఆమె అక్కడే నిలబడింది.

మనం నిలబడ్డ నేల వాలుగా ఉంటే అది మనకు తెలియదు. అందుకే ఎంత తెలిసినవాళ్ళైనా తమ కొలతను ఇంకొకరి కంటికి చూపించి సరిచూసుకోవాలి.